గంటాయన గిచ్చుడు

బాక్సింగ్ బరి దగ్గర గంటాయన గంట కొట్టాడంటే, మూడు వీధుల అవతల కరుచుకుంటున్న కుక్కలు కూడా విడిపోయేవి. ఒట్టు!

ఆ మధ్యాహ్నమూ ఆయన ఇత్తడి గంటను చంకన పెట్టుకుని ఆటగాళ్ల గదిలోకి వచ్చాడు. పొట్టి మనిషి, నలిగిన చెవులు. మేనల్లుడు చేతులకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. గంటాయన వాడి జబ్బ మీద కండ మెలిపెట్టి గిచ్చి, అదే క్షణంలో చెవి పక్కన సుత్తితో గంటను సన్నగా తాకించాడు.

"చచ్చాను మావయ్యా!"

"చావకుండా ఉండటానికేరా."

ఏళ్ల తరబడి ఇదే ఆయన పద్ధతి. ఒళ్లు ఉలిక్కిపడితే మెదడులో నారడ్రినలిన్ అనే రసం ఊరుతుందనీ, అది మిగతా రొదను అణచి ఒక్క శబ్దాన్ని పైకి తేలుస్తుందనీ, అప్పుడు విన్నది చెవి మరిచిపోదనీ డాక్టరు ఒకసారి చెప్పాడు. ఆ పేరు నోరు తిరక్క గంటాయన దాన్ని ఉలికిపాటు రసం అనేవాడు.

పక్క గదిలో ఆ రోజు మేనల్లుడితో తలపడబోయే కొత్తవాడు, దున్నపోతులా ఉన్నాడు, గిచ్చబోతే చెయ్యి విదిలించాడు. "ముట్టుకున్నావంటే ముందు నిన్నే పడుకోబెడతా, ముసలోడా."

"సరే నాయనా, నీ చర్మం నీ ఇష్టం."

బరిలో మొదటి దెబ్బకే మేనల్లుడి కనుబొమ చిట్లింది. రెండో దెబ్బకు పన్ను ఊడి బరి పక్కన గంటాయన కూర్చునే బల్ల మీద పడింది. వాడూ తక్కువ తినలేదు. కొత్తవాడి ముక్కు చితక్కొట్టాడు. తన నెత్తురు తానే చూసుకున్న కొత్తవాడికి ఒళ్లు తెలియలేదు. ఇంతలో రౌండు ముగిసే సమయమైంది. గంటాయన గంట కొట్టాడు.

జనం అరుపుల్లోనూ మేనల్లుడి చేతులు వాటంతటవే దిగిపోయాయి. కొత్తవాడివి దిగలేదు. కుక్కల మాట దేవుడెరుగు, బారెడు దూరంలో ఉన్న మనిషికే ఆ గంట వినపడలేదు. అడ్డొచ్చిన రిఫరీని ఒక్క తోపు తోసి, అడ్డులేని ముఖం మీద దబదబా గుద్దాడు. తాను నేర్పిన వినికిడే పిల్లవాణ్ణి చంపుతోందని గంటాయనకు అర్థమైంది.

గంటతో సహా తాళ్ల కిందినుంచి దూరి ఇద్దరి నడుమా నిలబడ్డాడు. మేనల్లుడికి రావలసిన గుద్దు ఆయన కణత మీద పడింది. ఒరుగుతూనే కొత్తవాడి జబ్బ మెలిపెట్టి గిచ్చి, గంట మోగించాడు.

కొత్తవాడు నిద్రలేచినట్టు ఆగిపోయాడు.

"ఇప్పుడు వినపడిందా నాయనా?" అని గంటాయన తాడుకు ఆనుకుని కూర్చున్నాడు. మేనల్లుడు "మావయ్యా" అని కుదిపేసరికి తల పక్కకు వాలిపోయింది.

కుక్కల సంగతి నేను కల్పించిందే. కథన్నాక ఆ మాత్రం ఉప్పు పడాలి కదా. పన్ను మాత్రం నిజం. గంట ఇప్పటికీ ఆ బల్ల మీదే ఉంది. పక్కన చిన్న సుత్తి, దాని పిడి మీద ఆయన బొటనవేలు ఆని ఆని పడిన గుంట.