పిట్ట ముట్టని ఊరు

1976 ఫిబ్రవరి పదకొండు, బుధవారం, ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఒమాన్ తీరంలోని సొహార్ ఆసుపత్రి వరండాలో వేలాడే ఉష్ణమాపకం పధ్నాలుగు డిగ్రీలు చూపుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి బొత్తిగా లేదు, సముద్రం వైపు మాత్రం పలుచని మంచు పరచుకుని ఉంది. నర్సు మణికుమారి అలవాటు ప్రకారం ఇవన్నీ గమనించి, కూడు మూట ఒళ్ళో పెట్టుకుని జీపు ఎక్కింది. వెనక సీట్లో భూమయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు.

ఆ మూటలో అన్నం, మాంసం కూర, వేయించిన ఎండుచేపలు, ఒక బీడీ కట్ట ఉన్నాయి. అవి మూడు వారాల కిందట చనిపోయిన భీమన్న కోసం. భూమయ్య అతని అన్న. వాళ్ళది కరీంనగర్ జిల్లాలో జగిత్యాల దగ్గరి పల్లె. అక్కడ మనిషి పోయిన మూడోనాడు అతనికి ఇష్టమైనవి వండి పిట్టకు పెడతారు. పిట్ట అంటే కాకి. అది ముడితే పోయినవాడికి ఎవరి మీదా కోపం లేదని అర్థం. ముట్టకపోతే ఏదో మనసులో పెట్టుకుని పోయాడని అర్థం. ఆ మూడోనాడు భూమయ్య ఒంటిమీద తెలివి లేకుండా ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. సొహార్‌లోని గుజరాతీ వర్తకులు దయతలచి భీమన్నను సముద్రం ఒడ్డున దహనం చేయించారు. పిట్టకు ఎవరూ పెట్టలేదు. ఈ బుధవారం దాటితే మరునాడే కంపెనీవాళ్ళు భూమయ్యను ఇంటికి పంపుతున్నారు. గడపలో కాలు పెట్టగానే తల్లి లస్మవ్వ అడగబోయే మొదటి మాట అతనికి తెలుసు: పిట్ట ముట్టిందా?

దహనం చేసిన చోటనే పెట్టవచ్చు కదా అని మణికుమారి అడిగి చూసింది. తమ్ముడి జీవి పోయింది కొండల్లోని పాత గని దగ్గర, ఒడ్డున కాలింది కట్టె మాత్రమే అన్నాడు భూమయ్య.

“అలిగినోడు అలిగిన కాడ్నే కూసుంటడు సిస్టరమ్మా.”

పదిహేను రోజులకొకసారి మందుల పెట్టెతో కొండపల్లెలకు వెళ్ళే జీపు ఆ దారినే పోతుంది కనుక, అతన్ని వెంట తీసుకువెళ్ళేందుకు ఆమె డాక్టరు అనుమతి సంపాదించింది. వంట తానే చేసింది. తోటి నర్సు మేరీకుమారి ఆ పొద్దున పొయ్యి దగ్గర నిలబడి, పాస్టరుగారి కూతురివి, కాకులకు కూడు వండుతున్నావా, ఆదివారం గుడిలో ఏ మొహం పెట్టుకుని కూర్చుంటావు అని దెప్పింది. ఉన్న మొహంతోనే కూర్చుంటాను, నువ్వా ఉల్లిపాయలు ఇటివ్వు అంది మణికుమారి. ఆమె ఈ పనికి పూనుకోవడానికి దయ ఒక్కటే కారణం కాదు.

కారణాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళితే, మొదట కాలింది ఒక గుడారం. ఆ లోయలో వెనకటివాళ్ళు బంగారం, రాగి తీసి వదిలేసిన గని ఒకటుంది. అందులో ఇంకా ఏమైనా మిగిలిందేమో చూడడానికి వచ్చిన కంపెనీ అక్కడ క్యాంపు వేసింది. డిసెంబరులో ఒక లాంతరు ఒరిగి గుడారం అంటుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ క్యాంపు మేనేజరు లాంతర్లన్నీ లాక్కుని మనిషికొక బ్యాటరీ లైటు ఇచ్చాడు. జనవరిలో పాత గని నోరు శుభ్రం చేసే పని వచ్చింది. ఆ క్యాంపులో కూలికి చేరిన ఈ అన్నదమ్ములు ఊళ్ళో బావులు తవ్వినవాళ్ళు. పాడుబడిన బావిలో దిగేముందు తాడుకు కందిలి, అంటే లాంతరు, కట్టి కిందికి వదలడం, అది ఆరితే దిగకపోవడం వాళ్ళ తాతలనాటి కట్టుబాటు. ఎందుకు ఆరుతుందో తాతలు చెప్పలేదు. బావికి ఇష్టం లేకపోతే దీపాన్ని మింగుతుంది అన్నారు, అంతే. ఆ రోజు భూమయ్య కట్టుబాటు తప్పలేదు. కందిలి లేదు కనుక బ్యాటరీ లైటును తాడుకు కట్టి వదిలాడు. అది అడుగుదాకా వెలుగుతూనే పోయింది.

“మండుతున్నది తమ్మీ, దిగు,” అన్నాడు.

భీమన్న దిగాడు. మళ్ళీ పలకలేదు. వెంటనే దిగిన భూమయ్య సగంలోనే సొమ్మసిల్లాడు. నడుముకు తాడు ఉంది కనుక పైవాళ్ళు లాగేశారు.

తెలివి వచ్చాక అతను అడిగింది ఒక్కటే: దీపం వెలుగుతుండగా తమ్ముడు ఎట్లా పోయాడు? చూడ్డానికి వచ్చిన పనివాళ్ళు బంగారాన్ని కాచే దయ్యం పట్టిందన్నారు. ఆ మాటను అలా వదిలేసి ఉంటే భూమయ్య దానితోనే బతికేవాడు. మణికుమారి వదల్లేదు. తెలియనిది తెలియజెప్పడం ధర్మమని నమ్మిన మనిషి ఆమె. వార్డు బల్లమీద కొవ్వొత్తి వెలిగించి గాజు సీసా బోర్లించింది. మంట చిన్నదై ఆరిపోయింది. అదే సీసా కింద బ్యాటరీ లైటు పెట్టింది. అది ఆరలేదు. మంటకు మనలాగే గాలి కావాలి, దీనికి అక్కర్లేదు అని విడమరచి చెప్పింది. భూమయ్య సీసా వంక చాలాసేపు చూశాడు.

“అంటే నేనే,” అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జీపు కొండల్లోకి పోయే బురైమి దారి పట్టి, ఖర్జూరపు తోటలు దాటి, రాళ్ళలోకి వెళ్ళింది. డ్రైవరు రషీద్ ఆ తీరానికి చెందిన బలూచీ, నోరు ఊరుకోని మనిషి. ముగ్గురికీ కలిసిన భాష హిందుస్తానీ. మూట వాసన పీల్చి, ఇంత మంచి మాంసం పక్షుల పాలా, నేనే రెక్కలు కట్టుకుంటాను అన్నాడు. ఆ తర్వాత సొహార్ కాకులను తిట్టడం మొదలుపెట్టాడు. చేపల బజారులో తన బుట్టలోంచే రెండుసార్లు ఎత్తుకుపోయాయట.

“మీ సొహార్ కాకులు బజారు ఉద్యోగస్తులు, సిస్టర్. డ్యూటీ వదిలి కొండెక్కవు.”

మణికుమారి నవ్వింది. భూమయ్య కూడా కొంచెం నవ్వాడు. ఆ మాటలోని నిజం అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

లోయలోకి చేరేసరికి ఎండ పదునెక్కింది. క్యాంపు ఎత్తేశారు. గని నోటిమీద ఇనుప రేకు వేసి బండలు పెట్టారు. దాని చుట్టూ పాత ఊరు: కప్పులు లేని రాతి గోడలు, ఎర్రగా కాలిన కొలిమి నోళ్ళు, లోహం కరిగించగా మిగిలి, కాలు వేస్తే పెంకుల్లా గలగలమనే నల్లని చిట్టెపు గుట్టలు. లోహం కరిగించడానికి లోయలోని చెట్లన్నీ నరికారని, చెట్లు అయిపోయాక ఊరు లేచిపోయిందని క్యాంపులోని దొరలు అనుకునేవారట. ఎన్ని వందల ఏళ్ళయిందో ఎవరికీ తెలియదు. గాలి లేని ఆ ఉదయం అక్కడ చెవులకు ఏమీ వినిపించలేదు.

ఒక గోడ పక్కన భూమయ్య ఆగిపోయాడు. మధ్యలో గుంట పడిన గుండ్రని రాయి. బంగారపు రాయిని పిండి చేసిన తిరుగలి అది.

“ఇసుర్రాయి,” అన్నాడు మెల్లగా. “మా అవ్వకు గిసోంటిదే ఉన్నది.”

దానిమీద పాత టవలు పరిచి అన్నం కుప్ప పోశాడు. కూర, చేపలు పక్కన పెట్టి, బీడీ ఒకటి వెలిగించి రాతి అంచున ఉంచాడు. పెట్టినవాడు ఎదురుగా ఉంటే పిట్ట రాదని వాళ్ళ ఊరి నమ్మకం. చూసి చెప్పే బాధ్యత మణికుమారికి అప్పగించి, అతను గోడ అవతలికి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె దూరంగా ఒక బండమీద కూర్చుంది. రషీద్ జీపు దగ్గరే ఉండిపోయాడు.

బీడీ దానంతట అదే కాలిపోయింది. ఏదీ రాలేదు. గోడ అవతలి నుంచి భూమయ్య మాటలు ఇవ్వసాగాడు. నీ పెండ్లాన్ని పుట్టింటికి తోలను. నీ బిడ్డను బడికి తోల్త. మన చెలక భూమి నీ పేరుమీదనే ఉంటది. ఒక్కో మాట తర్వాత చాలాసేపు ఆగేవాడు. ఆగినప్పుడల్లా మణికుమారి ఆకాశం వెతికేది. చివరికి అతను గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు అన్నాడు:

“నాకు ఎర్కలేదు తమ్మీ. దీపమనే అనుకున్న. మంట వేరు, ఎలుగు వేరని నాకెవ్వలు చెప్పలే.”

అప్పుడు అర్థమైంది మణికుమారికి. చెట్లు పోయాయి కనుక కొలుములు ఆరాయి, కొలుములు ఆరాయి కనుక ఇళ్ళలో పొయ్యిలు ఆరాయి. పొయ్యి లేని చోట కాకికి ఏం పని? రషీద్ నవ్వుతూ అన్నది ఇదే. ఇక్కడ భీమన్నకు కోపం ఉన్నా లేకపోయినా కాకి రాదు.

ఆమె లేచి ఆ సంగతి చెప్పబోయింది. సీసా కింద ఆరిన కొవ్వొత్తి జ్ఞాపకం వచ్చి మళ్ళీ కూర్చుంది.

అంతలో కొలిమి గోడమీద ఒక చిన్న పక్షి వాలింది. నల్లని తల, తెల్లని పొట్ట, గుప్పిట్లో పట్టేంత ఉంది. తోక ఆడిస్తూ ఇటూ అటూ చూసి, తిరుగలి అంచు మీదికి దూకింది. పక్షి అన్నం చుట్టూ గెంతింది. వాసనకు చేరిన ఈగల్లో ఒకదాన్ని టవలు కొసన ముక్కుతో పట్టి మింగి, ఎగిరిపోయింది. అన్నం కుప్ప పోసింది పోసినట్టే ఉంది.

రెక్కల చప్పుడు విన్నాడేమో, భూమయ్య గోడ వెనక నుంచి వచ్చాడు. మూడు వారాల్లో అతని ముఖం మీద ఆమె అంత ఆశ చూడలేదు.

“అచ్చింది గదా సిస్టరమ్మా? ముట్టిందా?”

అవునన్న ఒక్క మాట చాలు. ఆ మాటతో అతను ఇంటికి వెళ్ళి తల్లి ఎదుట తలెత్తుకుని నిలబడగలడు. కాదనడానికి అక్కడ ఇంకో సాక్షి లేడు. అదీ పిట్టే, అదీ ఆ రాయిమీదే వాలింది. కానీ చిన్ననాటి నుంచి ఆమె నాలుక ఒకే దారిలో నడిచింది. మనసు పక్కకు తిప్పేలోపే అది తన దారిన పోయింది.

“వచ్చిందండి. ఈగను తిని వెళ్ళిపోయింది. మెతుకు ముట్టలేదు.”

భూమయ్య తల ఊపాడు. అతని కళ్ళలో కోపం లేదు.

“మీరు అబద్ధమాడరని ఎర్కె. గందుకే మిమ్మల్ని సూడుమన్న.”

ఆమెకు అప్పుడు మాటలు తోసుకువచ్చాయి. కాకులు ఇక్కడ ఉండవని, ఇది భీమన్న కోపం కాదని, సొహార్‌లో చేపల బజారు వెనక పెడితే క్షణంలో వాలుతాయని, సాయంత్రంలోపు వెళ్ళిపోవచ్చని గబగబా చెప్పింది. భూమయ్య టవలు కొసలు చక్కగా సర్దుతూ అంతా విన్నాడు.

“ఆ కాకులు ఎవ్వలు పెట్టినా ముడ్తయి సిస్టరమ్మా,” అన్నాడు. “నా తమ్ముడు గాడ లేడు.”

అన్నాన్ని అక్కడే వదిలి వచ్చారు. రషీద్ జీపును కొండపల్లెల వైపు తిప్పాడు. పల్లెల్లో మణికుమారి పిల్లల కళ్ళలో మందు వేసింది, జ్వరాలు చూసింది, చెప్పవలసిన జాగ్రత్తలు చెప్పింది. ఎప్పటికంటే తక్కువ చెప్పింది. మరునాడు పొద్దున భూమయ్య కంపెనీ బండి ఎక్కుతూ ఆమెకు చేతులెత్తి దండం పెట్టాడు. తల్లికి ఏం చెబుతావని ఆమె అడగలేదు.

ఏడేళ్ళ తర్వాత ఆ లోయలో గని మళ్ళీ తెరిచారు. పనివాళ్ళకు వండిపెట్టడానికి పాత తిరుగలికి కొంచెం దూరంలో కాంటీను కట్టారు. మరుసటి ఏడాదికి దాని వెనక చెత్తకుప్ప మీద కాకులు వాలడం మొదలైంది.