ఒక గురువారం విడిచి ఒక గురువారం

టీవీ సీరియళ్ల మీద సోమలింగానికి ఉన్నన్ని అభిప్రాయాలు వాటిని తీసేవాళ్లకు కూడా ఉండి ఉండవు. అడిగినా చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు, వద్దంటే ఇంకాస్త వివరంగా చెప్పేవాడు. తెర మీద ఎవరైనా ఒక్కసారి దగ్గితే మూడు వారాల్లో ఫొటోకు దండ పడుతుందని ఆయన లెక్క. గదిలో ఎవరూ లేనప్పుడు ఫోన్ మోగిందంటే ఆ వారం కథ ముందుకు జరగదని ఇంకో లెక్క. వీటన్నిటికీ పెద్దది పదమూడు సిద్ధాంతం.

దూరదర్శన్‌లో ఏ సీరియల్‌కైనా ముందు పదమూడు వారాలకే మంజూరు దొరికే రోజులవి. జనం చూస్తే ఇంకో పదమూడు, బాగా చూస్తే మరో పదమూడు. "మొదటి పదమూడు కత రాసినోని తెలివి. రెండో పదమూడు సబ్బులమ్మేటోని తెలివి. మూడో పదమూడు ఎవని తెలివీ గాదు" అనేవాడు సోమలింగం. పద్నాలుగో వారంలో కొత్త మనిషి ఎవరైనా గడప తొక్కితే ఆ సీరియల్ మీద ఆశ వదులుకోవలసిందేనని తీర్పు చెప్పేవాడు.

ఇంతటి పండితుడు ఏ సీరియల్‌నూ పూర్తిగా చూసినవాడు కాదు. ఆయన పని సూరత్‌లో, పర్వత్ పాటియా దగ్గరి ఒక మరమగ్గాల కార్ఖానాలో. మరమగ్గాన్ని మనవాళ్లు అక్కడ సాంచా అంటారు. సాంచాలు పగలూ రాత్రీ ఆగవు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఒక పాళీ, అప్పటి నుంచి తెల్లవారి ఏడు దాకా ఇంకో పాళీ. ఒక వారం పగలు చేసినవాడు మరుసటి వారం రాత్రి చేయాలి. సీరియల్ చూస్తే గురువారం రాత్రి తొమ్మిదికి. అంటే ఒక గురువారం చూస్తే ఇంకో గురువారం సాంచాల మోతలో గోడ వైపు చూస్తూ నిలబడాలి.

ఆ పోయిన సగం ఆయనకు రాజనర్సు దగ్గర దొరికేది. రాజనర్సు ఆయన జోడీ. అవే ఎనిమిది సాంచాలు, ఎదురు పాళీ. ఒకరు దిగితే ఒకరు ఎక్కాలి. ఇద్దరిదీ సిరిసిల్ల వైపే. పదకొండేళ్లుగా వాళ్లు రోజుకు రెండుసార్లు కార్ఖానా గేటు దగ్గర ఓ పది నిమిషాలు కలిసేవారు. లోపల మోతలో గొంతు చించుకున్నా వినపడదు కనుక మాట్లాడేదంతా అక్కడే. శుక్రవారం పొద్దున ఎవరు చూసి ఉంటే వాళ్లు చెప్పాలి. సోమలింగం అత్తలా నడిచి, మామలా దగ్గి, కోడలిలా కొంగు నోట్లో పెట్టుకుని చెప్పేవాడు. రాజనర్సు మాత్రం మూడు ముక్కల్లో తేల్చేవాడు. "పెద్దోడు ఇల్లిడిసి పోయిండు. ముసలామె పడిపోయింది. మిగిలినోళ్లు ఏడ్సిర్రు." ఆ పొదుపు చూస్తే సోమలింగానికి ఒళ్లు మండేది. కానీ మనిషి బంగారం. దిగిపోయే ముందు తెగిన పోగు ఒక్కటి మిగల్చడు, నూలు కండెలన్నీ నింపి పెడతాడు. అలాంటి జోడీ కావాలని సూరత్‌లో మొక్కుకునేవాళ్లున్నారు.

తొంభై ఆరులో వచ్చిన గురువారం సీరియల్ మొదటి పదమూడు వారాలూ ఇద్దరినీ ఒక్క మాట మీద ఉంచింది. పెద్ద ఇల్లు, నలుగురు అన్నదమ్ములు, గుత్తి తాళాల అత్త. పద్నాలుగో వారంలో యామిని అనే చిన్నకోడలు గడప తొక్కింది.

"నేన్ చెప్పలే?" అని సోమలింగం వేలు పైకెత్తాడు. "ఇగ దీని పని ఖతం."

ఆ వేలు వారం తిరిగేలోపే కిందికి దిగింది. పదిహేనో వారం ఆయన చూసినప్పుడు యామిని వంటింట్లో కూర్చుని ఏడుస్తోంది. అత్త అన్నం పళ్లెం విసిరికొట్టింది. తలుపు పక్కన నిలబడి మొగుడు నోరెత్తలేదు. సోమలింగం టీవీకి ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఆ పిల్లకు ఆ ఇంట్లో తను తప్ప దిక్కు లేదనిపించింది.

ఆ తరువాతి శుక్రవారం గేటు దగ్గర రాజనర్సు అన్నాడు. "ఆ చిన్నకోడలు మంచిది గాదు సోమన్నా. అత్త తాగే పాలల్ల ఏందో కలిపింది."

"మందు కావచ్చు."

"మందైతే అటిటు చూసి కలుపుతరా?"

"భయం నర్సూ. గా అత్తను చూస్తే నువ్వైనా అటిటు చూస్తవ్."

పదిహేడో వారం సోమలింగం చూసిందేమిటంటే, యామినిని వానలో బయటికి గెంటారు. పద్దెనిమిదిలో రాజనర్సు చూసిందేమిటంటే, యామిని మామ చేత ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. పంతొమ్మిదిలో ఆమె మెట్ల మీద సొమ్మసిల్లి పడిపోయింది. ఇరవైలో తాళాల గుత్తి కొంగున దాచింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎదుటివాడు ఆడుతున్నాడని మాత్రం ఇద్దరూ నమ్మారు. ప్రతి వారం మొదట్లో చూపించే 'జరిగిన కథ'లో నలుగురు మనుషులు ఒకరినొకరు గుడ్లురిమి చూసుకోవడం తప్ప ఏమీ ఉండేది కాదు.

ఇంట్లో భార్య పోశమ్మ ప్రతి గురువారం చూసేది. ఆమెను అడగవచ్చు కదా అంటే, ఒకసారి అడిగాడు. ఆమె అత్త చీర రంగుతో మొదలుపెట్టి అంచు దగ్గరికి వచ్చేసరికి అన్నం తినడం అయిపోయింది. వాళ్లది నలుపు తెలుపు టీవీ. అందులో చీర రంగులు చెప్పే మనిషి సాక్ష్యం చెల్లదని సోమలింగం మళ్లీ అడగలేదు.

తగువు ఇద్దరితో ఆగలేదు. సోమలింగం పాళీలో ఆరుగురు, రాజనర్సు పాళీలో ఆరుగురు. పాళీ మారితే అందరూ కలిసే మారతారు కనుక ఒక పాళీ వాళ్లందరూ చూసింది ఒకటే. ఆరుగురికి యామిని దేవత, ఆరుగురికి దయ్యం. శుక్రవారం పొద్దున గేటు దగ్గర పన్నెండు మంది అరుపులతో సాంచాలు అరగంట ఆగిపోయేవి. ఆ లెక్క మీద యామినికి పన్నెండు మంది అన్నదమ్ములున్నట్టు, అందులో సగం మంది ఆస్తి గొడవల్లో ఉన్నట్టు చూసేవాళ్లకు అనిపించేది.

ఇరవై మూడో వారం మాట హద్దు దాటింది. "నీకు మనిషిని చూసే కన్ను లేదన్నా" అన్నాడు రాజనర్సు, అందరి ముందూ.

"నీ మనసులనే విషమున్నది. గందుకే నీకు పాలల్ల కనవడుతుంది" అన్నాడు సోమలింగం.

రాజనర్సు తిన్నగా కార్ఖానా పని చూసే మాస్టర్ లింగమూర్తి దగ్గరికి వెళ్లి తనకు జోడీ మార్చమన్నాడు. మాస్టర్ నాలుగు రోజులు నచ్చజెప్పి, చివరికి వచ్చే నెల మొదటి సోమవారం నుంచి మారుస్తానన్నాడు.

సోమలింగం మీసం తిప్పి "పోనీ, నాకేంది?" అన్నాడు. కానీ పాళీ ఎక్కేసరికి కండెల డబ్బా ఖాళీగా ఉండేది, మూడు సాంచాల్లో పోగులు తెగి వేలాడేవి. రాజనర్సు తల పక్కకు తిప్పుకుని పక్కనుంచే వెళ్లిపోయేవాడు. పోగులు ముడివేసుకోవచ్చు, దానికేముంది. ఆ తల తిప్పుకోవడమే సోమలింగానికి అన్నం సహించనివ్వలేదు. వెళ్లి తప్పయిందని చెప్పాలని రెండుసార్లు అనుకున్నాడు. చెప్పాలంటే ముందు యామిని విషం కలిపిందని ఒప్పుకోవాలి. వానలో నిలబడ్డ ఆ ముఖం గుర్తొచ్చి రెండుసార్లూ ఆగిపోయాడు.

ఇలా ఉండగా ఇరవై ఆరో గురువారం, అంటే చివరి వారం వచ్చింది. అది రాజనర్సు చూడవలసిన వారం. సోమలింగానికి రాత్రి పాళీ. సాయంత్రం ఏడుకు గేటు దగ్గర, చూడబోయేవాళ్లు చూడలేనివాళ్లను ఎకసెక్కం చేయడంతో రభస మొదలైంది. సరిగ్గా అప్పుడే కార్ఖానా శేఠ్ స్కూటరు దిగాడు. నెల రోజులుగా శుక్రవారాలు యామిని అనే మనిషి పేరు మీద పని ఆగుతోందని విని, యూనియన్ పెడుతున్నారేమోనని ఆయనకు నిద్ర లేదు.

"ఆ యామినీ కోణ్ ఛే?" అని అడిగాడు వణుకుతూ. "ఎవరామె, ఏ పార్టీ?"

మాస్టర్ లింగమూర్తి చెమట తుడుచుకుంటూ సంగతంతా హిందీలో చెప్పాడు. శేఠ్ రెండుసార్లు మళ్లీ అడిగి తెలుసుకున్నాడు. యూనియన్ కాదని రూఢి అయ్యాక ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే తనే స్విచ్చి ఆపించాడు. పన్నెండు మందీ ఒకేచోట కూర్చుని ఇవాళ చూడాలి, పదిన్నరకు సాంచాలు నడవాలి, ఇక ఈ కార్ఖానాలో ఆ పేరు వినపడకూడదు. పోయిన పని ఆదివారం చేసి తీర్చాలి అన్నాడు.

దగ్గరలో టీవీ ఉన్నది సోమలింగం గదిలో. కొత్త అల్లుళ్లు వచ్చినట్టు పన్నెండు మంది చెప్పులు విప్పి లోపలికి రావడం చూసి పోశమ్మ పొయ్యి మీది చిన్న గిన్నె దించి చాయ్‌కు పెద్ద గంజు ఎక్కించింది. దేవతల పక్షం మంచం వైపు కూర్చుంది. దయ్యాల పక్షం గుమ్మం వైపు. రాజనర్సు గోడకు ఆనుకుని మోకాళ్లు ముడుచుకున్నాడు. అతను కూర్చోగా చూడటం పదకొండేళ్లలో ఇదే మొదటిసారని సోమలింగానికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ చూసింది నిలబడ్డ మనిషినే.

సీరియల్ మొదలైంది. యామిని అత్త కాళ్ల మీద పడి ఏడ్చింది. మంచం వైపు నుంచి "చూసిన్రా?" అని వినిపించింది. అత్త కరిగి కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది. యామిని లేచి, కొంగు సర్దుకుని, అద్దంలో చూసుకుని చిన్నగా నవ్వింది. గుమ్మం వైపు నుంచి "ఇప్పుడు చూసిన్రా?" అని వినిపించింది. మొదటి మాట అన్నవాళ్లు రెండో దృశ్యాన్ని, రెండో మాట అన్నవాళ్లు మొదటి దృశ్యాన్ని నోరు తెరుచుకుని చూశారు. అంతలో సబ్బు ప్రకటన వచ్చింది.

పోశమ్మ చాయ్ గ్లాసులు పంచుతూ అంది. "దానిది ఎప్పుడూ గిదే కత. ఒక గురువారం చేస్తది, ఇంకో గురువారం అనుభవిస్తది. మల్ల చేస్తది, మల్ల ఏడుస్తది."

పన్నెండు మంది వేళ్ల మీద వారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదిహేను, పదిహేడు, పంతొమ్మిది మంచం వైపు. పదహారు, పద్దెనిమిది, ఇరవై గుమ్మం వైపు. రెండు చేతుల వేళ్లూ చాలక గంగారాం అనే అతను పక్కవాడివి అరువు తీసుకున్నాడు.

"మరి చెప్పకపోతివేందే?" అన్నాడు సోమలింగం.

"నన్నెవరు అడిగిర్రు?" అంది పోశమ్మ.

అప్పుడు రాజనర్సు నవ్వాడు. మొదట భుజాలు కదిలాయి, తరువాత పొట్ట, తరువాత చేతిలో గ్లాసు. చాయ్ ఒలికి లుంగీ మీద పడినా ఆపుకోలేకపోయాడు. సన్నగా, ఆడపిల్ల నవ్వులా ఉంది ఆ నవ్వు. అంతటి మనిషిలో అలాంటి నవ్వు ఉందని సోమలింగానికి తెలియదు. ఎలా తెలుస్తుంది, సాంచాల మోతలో ఎవరి నవ్వూ వినపడదు, గేటు దగ్గర నవ్వేంత తీరిక ఉండదు. సీరియల్ కంటే ఆ నవ్వునే ఎక్కువ చూశాడు ఆయన. ఇలాంటి మనిషిని విషమన్నానే అని సిగ్గుపడ్డాడు.

మిగతా సగంలో యామిని పెట్టె పట్టుకుని ఇల్లు విడిచింది. ఆ పెట్టెలో ఆస్తి కాగితాలున్నాయి, ఆమె కళ్లలో నీళ్లూ ఉన్నాయి. రెండూ నిజమే. గుమ్మం వైపు ఎవరో ముక్కు చీదారు. చూస్తే రాజనర్సు. వీధి మలుపులో ఆమె ఆగి వెనక్కి తిరిగి చూసింది. బొమ్మ అలాగే నిలబడిపోయింది. ఈ సీరియల్‌కు ఇంకో పదమూడు వారాలు మంజూరు అయ్యాయని ప్రకటన వచ్చింది.

"సత్యానాశ్" అన్నాడు సోమలింగం.

రాత్రి పాళీ వాళ్లు కార్ఖానాకు బయలుదేరారు. పగటి పాళీ వాళ్లు ఇళ్లకు పోయారు, రాజనర్సు తప్ప. అతను సోమలింగం పక్కన నడిచాడు. ఇద్దరూ ఒకే దిక్కుకు నడవడం కూడా ఎప్పుడూ లేదు, అడుగు కలవక ఒకరి చెప్పు ఒకరు తొక్కారు.

"నర్సూ, ఆనాడు నేనన్న మాట తప్పు."

"కలిపింది మాత్రం నిజమే" అన్నాడు రాజనర్సు.

"కలిపింది. ఒప్పుకుంటున్న. కానీ వానల ఎట్ల నిలబడ్డదో నువ్వు చూడలే."

"చూడలే. చెప్పు, ఎట్ల నిలబడ్డది?"

సోమలింగం రోడ్డు మధ్య ఆగి, భుజం మీది తువ్వాలు తల మీద కప్పుకుని నిలబడి చూపించాడు. అటు పోతున్న ఆటోవాడు హారన్ కొట్టి తిట్టాడు. రాజనర్సు ఆ తిట్టు పూర్తయ్యేదాకా ఆగి, నిజమే, పాపం అన్నాడు.

గేటు దగ్గర మాస్టర్ లింగమూర్తి ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. "సోమవారం సంది నర్సుకు కొత్త జోడీ. ఎవరిని వెయ్యమంటవో ఇప్పుడే చెప్పు" అన్నాడు.

"మార్చుడేంది మాస్టర్?" అన్నాడు రాజనర్సు. "పదమూడు వారాలు పెంచిర్రు. ఈయన లేకుంటే నాకు సగం కత ఎవరు చెప్తరు?"

మాస్టర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఏదో గొణుక్కుంటూ స్విచ్చి వేయడానికి వెళ్లాడు. సోమలింగం కళ్లు తుడుచుకుంటూ లోపలికి అడుగు పెట్టబోయి ఆగాడు.

"రేపు పొద్దున జర జల్ది రా."

"రేపేముంది? ఇద్దరం చూసినం గదా?"

"చూస్తే చూసినం. నువ్వెట్ల చూసినవో నాకేం ఎరుక?" అన్నాడు సోమలింగం. లోపల సాంచాలు ఒక్కొక్కటిగా అందుకున్నాయి.