మధ్యాహ్నపు చారలు

మంచు చిత్రాల్లో చారలు పడడం మొదలైనప్పటి నుంచి తోరున్‌కు ఎవరిని చూసినా అనుమానమే. నార్వే ఉత్తర తీరంలో, స్కార్వొయ్ దీవి కొసన ఉన్న ఉపగ్రహ కేంద్రంలో షిఫ్టు బాధ్యత ఆమెది. ధ్రువం మీదుగా తిరిగే ఉపగ్రహం దీవి ఆకాశంలో కనబడే ఆ కాసేపట్లోనే సముద్రం మీది మంచు చిత్రాన్ని కిందికి దించుకోవాలి. ఆ చిత్రాన్ని నమ్ముకునే చేపల పడవలు ఉత్తరానికి పోతాయి. దాని నిండా తెల్ల చారలుంటే ఏది మంచుగడ్డో, ఏది నీళ్లో చెప్పడం ఎవరి తరమూ కాదు.

చారలు మధ్యాహ్నం పూటే పడుతున్నాయి. అదే ఆమెను పురుగులా తొలిచేసింది. చెడిపోయిన యంత్రానికి పగలేమిటి, రాత్రేమిటి? వేళ చూసుకుని వచ్చేది మనిషే. రష్యా సరిహద్దు ఎంతో దూరం లేదు. ఆ తీరంలో పుట్టినవాళ్లకు తూర్పు వైపు అనుమానంగా చూడడం ఉగ్గుపాలతోనే అబ్బుతుంది, తోరున్ అక్కడే పుట్టింది.

ఆ ఉపగ్రహం మాట్లాడేది ఎక్స్ బ్యాండ్‌లో, ఎనిమిది గిగాహెర్ట్జ్ దగ్గర. ఓడల రాడార్లు తొమ్మిది దాటాక ఉంటాయి. పక్కింటివాళ్లన్నమాట. ముసలి రాడార్ అయితే గోడ అవతల నుంచి ఇవతలికి కూడా అరుస్తుంది. అందుకని ఆమె ముందు రేవు మీద పడింది. ఒడ్డున కట్టేసిన పడవల్లో రాడార్లు ఎందుకు ఆపరని జాలర్లను నిలదీసింది. వాళ్లు నవ్వి, కాఫీ పోసి పంపారు. పడవలన్నీ వేటకు పోయిన రోజు కూడా చారలు పడ్డాయి. తర్వాత చేతి యాంటెన్నా పట్టుకుని దీవంతా గాలించింది. ఎక్స్ బ్యాండ్‌లో చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు.

"బయట లేదంటే లోపలే ఉన్నట్టు," అన్నాడు హోల్గెర్, రిసీవర్ల ముందు కూర్చునే ఆమె సహోద్యోగి. "మన ముగ్గురిలో మధ్యాహ్నం మాయమయ్యేది ఎవరో నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. మూడోవాడు ఐలిఫ్. యాంటెన్నాల బాగోగులు చూసేవాడు. తోరున్ భర్త చనిపోయిన ఏడాది, చలికాలం పొడుగునా ఆమె గుమ్మం ముందు మంచు ఎత్తిపోసినవాడు. అలాంటివాడు ఈ మధ్య వాళ్లతో కలిసి భోజనం చెయ్యడం మానేశాడు. రొట్టెముక్కల పొట్లం పట్టుకుని చప్పుడు చెయ్యకుండా బయటికి పోతున్నాడు. ఒకసారి అతని చేతిలో చిన్న తెల్లడబ్బా, దానిమీద మిణుకుమనే పచ్చలైటు ఆమె కంటబడ్డాయి. ఆమెను చూడగానే జేబులో వేసుకున్నాడు. పాత రికార్డులు తిరగేస్తే అతను సెలవులో ఉన్న వారమంతా చిత్రాలు అద్దంలా ఉన్నాయి.

నేరుగా అడిగేస్తే పోయేది. అడిగితే జాగ్రత్త పడతాడన్నాడు హోల్గెర్. ఆమెకూ అలాగే అనిపించింది, అలా అనిపించడం సులువు కూడా. అనుమానం ఒకసారి లోపలికి వచ్చాక అతని మంచితనం కూడా నటనలాగే కనిపించింది. శుక్రవారం పొద్దున ఓస్లోలోని భద్రతా కార్యాలయానికి ఐలిఫ్ పేరు రాసి పంపేసింది.

ఆ మధ్యాహ్నం కూడా ఉపగ్రహం రాగానే చారలు మొదలయ్యాయి. ఈసారి చేతికి చిక్కించుకుందామని ఆమె అతని అడుగుల వెంట పోయింది.

పెద్ద యాంటెన్నా నుంచి వచ్చే కేబుళ్లు ఒక చిన్న షెడ్డు గుండా రిసీవర్లున్న హాల్లోకి పోతాయి. ఆ షెడ్డు వెనక, గాలి తగలని గోడవారన, ఐలిఫ్ చేపల పెట్టె బోర్లించుకుని దానిమీద కూర్చుని గోధుమరంగు జున్ను పెట్టిన రొట్టె తింటున్నాడు. పక్కన బిడ్డ బండి. అందులో ఉన్ని దుప్పట్ల మధ్య ఎర్రటి ముక్కు ఒకటే కనిపిస్తోంది. బండి అంచుకు ఇంకో తెల్లడబ్బా తగిలించి ఉంది. బిడ్డ ఏడిస్తే లోపల పనిచేసుకునేవాళ్ల జేబులోని జత డబ్బాలో వినబడేందుకు అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉండేదే.

తోరున్ బండి దగ్గరికి నడిచింది.

ఐలిఫ్ తప్పు చేసిన పిల్లవాడిలా లేచాడు. కూతురు రాన్‌వెయిగ్‌కు కాన్పయిన దగ్గర్నుంచి కంటిమీద కునుకు లేదట, పగలంతా ఏడుస్తోందట. మధ్యాహ్నం కాసేపైనా ఆ పిల్ల పడుకుంటుందని మనవబిడ్డను తను తెచ్చుకుంటున్నాడట. మరి ఆ దేశంలో పసివాళ్లు ఎంత చలిలోనైనా పగలు ఆరుబయటే కదా నిద్రపోతారు.

"ఈ దీవి మొత్తంలో గాలి కొట్టని చోటు ఇదొక్కటే. కంచె లోపలికి బయటివాళ్లు రాకూడదంటావుగా, అందుకే నీకు చెప్పలేదు. బిడ్డయినా బయటివాళ్ల లెక్కేనంటావు నువ్వు," అన్నాడు.

ఆమె వినడం లేదు. ఆ డబ్బాలు మాట్లాడుకునేది రెండు గిగాహెర్ట్జ్‌కు కాస్త కింద. ఎనిమిది దగ్గర వచ్చిన సంకేతం పొడుగాటి కేబుల్లో నీరసించిపోతుందని, యాంటెన్నా దగ్గరే దాన్ని ఎల్ బ్యాండ్‌కు, సరిగ్గా ఆ రెండు చుట్టుపక్కలకు దించి పంపుతారు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ పాఠం చెప్పేది తనే. అలా చెప్పిన మనిషే ఆకాశంలో వెతికింది, రేవులో వెతికింది, కాళ్ల కింది కేబుల్‌ను మాత్రం వదిలేసింది. షెడ్డులోకి వెళ్లి చూస్తే గోడవారనున్న అతుకు మీది తొడుగు తుప్పుపట్టి విడిపోయి ఉంది. గోడ అవతలి డబ్బా సంకేతం కేబుల్లోకి దూరడానికి ఆ సందు చాలు.

డబ్బా ఆపేసి, షెడ్డులోని గోడ ఫోనులో హోల్గెర్‌ను అడిగింది. ఇంకా దిగుతున్న చిత్రంలో చారలు పోయాయన్నాడు.

ఐలిఫ్ నెత్తి కొట్టుకుని పడీపడీ నవ్వాడు. "నేనూ ఎక్స్ బ్యాండే అనుకున్నా. నా డబ్బా దాని ఛాయలకే పోదని ధీమాగా ఉన్నా. ఈ అతుకు సాయంత్రానికల్లా నేనే మార్చేస్తాలే."

"ఐలిఫ్, పొద్దున నీ పేరు రాసి పంపాను."

"ఏమని?"

"చేస్తున్నది నువ్వేనని."

అతని మొహంలో నవ్వు వెంటనే పోలేదు. అర్థమవుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా పోయింది. మిగిలిన రొట్టెను కాగితంలో చుట్టాడు. ఏదో అనబోయేంతలో గోడ ఫోను మోగింది. విచారణ తేలేదాకా ఐలిఫ్‌ను కంచె లోపల ఉండనివ్వద్దని ఓస్లో నుంచి వచ్చిన మాట హోల్గెర్ ఐలిఫ్‌కూ వినబడేంత గట్టిగా చదివాడు. అలాంటి విచారణలు నెలలు పడతాయని ముగ్గురికీ తెలుసు.

ఐలిఫ్ మెళ్లోని కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "గేటు నువ్వే తియ్యాలి."

బండి తోసుకుంటూ అతను ముందు, ఆమె వెనక. బయటివాళ్లను సిబ్బంది దగ్గరుండి పంపాలని నియమం. గోడ చాటు దాటగానే గాలి కొట్టి బిడ్డ లేచి గుక్కపట్టింది. తోరున్ గేటు తీసింది. పొరపాటు తనదేనని ఇప్పుడే రాస్తానని, అతుకు సంగతి, డబ్బా సంగతి అంతా రాస్తానని చెప్పింది.

"రాయి," అన్నాడు ఐలిఫ్, దుప్పటి సర్దుతూ. "రాయడం నీకు బాగా వచ్చు. అడగడమే రాదు."

ఏడుస్తున్న బిడ్డతో అతను ఎదురుగాలిలో రోడ్డు దిగిపోయాడు. గేటు మూయాల్సింది కూడా తోరునే.