ఎవరి దుప్పటి వాళ్ళే పరుచుకోవాలి

కొత్తపిల్లలు చేరే రోజున గంటమ్మ కాలు ఒక్కచోట నిలవదు. గంటమ్మ అన్నది ఆమె అసలు పేరేం కాదు. అమ్మాయిల హాస్టల్‌కి ఆమె మేట్రన్. ఏటా ఈ రోజున సాయంత్రం నాలుగింటికి ఒక ఇత్తడి గంట పట్టుకుని వరండాలన్నీ తిరుగుతుంది. సాగనంపడానికి వచ్చినవాళ్ళు ఇక బయల్దేరాలని దానర్థం. ఏ బ్యాచ్ పిల్లలు ఆ పేరు పెట్టారో గానీ, అది అతుక్కుపోయింది. ఇప్పుడు ఉత్తరాలిచ్చే పోస్ట్‌మాన్ కూడా "గంటమ్మ గారూ" అనే పిలుస్తాడు.

యూనివర్సిటీ రూల్స్ హాస్టల్ గుమ్మం పక్కన గోడకి అతికించి ఉంటాయి. మొదటి ఏడాది పిల్లలంతా హాస్టల్లోనే ఉండాలి. గదికి ఇద్దరు. ఎవరికి ఎవరు జతో ఆఫీసువాళ్ళే తేలుస్తారు. మొదటి నెల దాటేదాకా ఇంటి ముఖం చూడకూడదు, ఇంటివాళ్ళు గదికి రాకూడదు. అతికించని రూలు ఇంకొకటుంది, అది గంటమ్మ సొంతం. ఎవరి దుప్పటి వాళ్ళే పరుచుకోవాలి.

అది ఊరికే పెట్టింది కాదు. కూతురి మంచం మీద దుప్పటి పరిచిన తల్లి ముందు దాన్ని అరచేత్తో సాపు చేస్తుంది. తర్వాత అంచు మీద ఆనుకుంటుంది. తర్వాత కూర్చుంటుంది. కూర్చుందా, ఇక ఆవిణ్ణి లేపడం క్రేను వల్ల కూడా కాదు. అందుకని గంటమ్మ ముందే వెళ్ళి, తల్లి చేతిలోని దుప్పటి లాక్కుని పిల్ల చేతిలో పెట్టేస్తుంది. "మనిషి కాదు, బండరాయి" అనుకుంటూ మెట్లు దిగిన తల్లులు చాలామందే ఉన్నారు.

నిజానికి, తనకి సంబంధం లేని బస్సు కదిలినా గంటమ్మ గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఎవరు ఎవరికి చెయ్యి ఊపుతున్నా ముఖం తిప్పేసుకుంటుంది. ఇంత పిరికి మనిషికి ఈ ఉద్యోగం ఎలా దొరికిందో, దొరికినా ఇన్నేళ్ళు ఎలా నిలిచిందో ఆమెకే ఆశ్చర్యం.

ఈ ఏడు ఆమె కూతురికి ఇదే యూనివర్సిటీలో సీటొచ్చింది.

వాళ్ళ కాపురం హాస్టల్ వెనక క్వార్టర్లోనే. రెండు గదులు, ఒక వంటిల్లు. భర్త యూనివర్సిటీలో ప్లంబరు. పిల్ల అక్కడే పుట్టింది, ఆ వరండాల్లోనే పాకింది. నడక రాగానే మూడంతస్తులూ ఎక్కి తలుపులన్నీ బాదడం మొదలెట్టింది కనక హాస్టల్ అక్కలు దానికి పిడుగు అని పేరు పెట్టారు. ఆ పిడుగు పొద్దున్నే పెట్టె సర్దుకుని కూర్చుంది.

అదే పొద్దున వార్డెన్ మేడమ్ గంటమ్మని ఆఫీసులోకి పిలిచింది. ఆవిడ చరిత్ర ప్రొఫెసరు. మాట మెత్తన.

"ఊళ్ళోనే ఇల్లున్నవాళ్ళని ఇంట్లో ఉండనివ్వచ్చని రూల్లోనే ఉంది. మీకు తెలీనిదేం కాదు. ఇల్లంటే మీదీ ఇల్లే కదా. మీరు ఊఁ అంటే పిల్లని కింద మీ దగ్గరే ఉంచుకోవచ్చు."

"నేను ఊఁ అంటే చాలా అండీ?"

"చాలు. కాకపోతే గంట కొట్టేలోపు చెప్పాలి. గది కోసం కాచుక్కూర్చున్నవాళ్ళున్నారు, ఆ మంచం వాళ్ళకిచ్చేస్తాను."

పిల్లని ఇంట్లోనే ఉంచుకుంటామని అడిగే తల్లిదండ్రులు ఏటా ఉంటారు. ఏటా వార్డెన్ గంటమ్మ సలహా అడుగుతుంది. ఏటా గంటమ్మ, "వద్దండీ, పిల్ల అటూ ఇటూ కాకుండా పోతుంది" అంటుంది. ఈసారి మాత్రం ఏమీ అనకుండా ఇంటికొచ్చింది.

వంటింట్లో భర్త టీ తాగుతున్నాడు. గోడలో పైపు టకటకా కొట్టుకుంటోంది. పై అంతస్తుల్లో ఎవరు కుళాయి తిప్పినా ఆ పైపు అలా మోగుతుంది. బాగుచెయ్యమని ఆమె, చేస్తానని ఆయన, పిడుగు పుట్టకముందు నుంచీ అనుకుంటూనే ఉన్నారు.

"ఊళ్ళో వాళ్ళ పైపులన్నీ బాగుచేస్తారు" అంది గంటమ్మ.

"ఊళ్ళో వాళ్ళు టీ ఇచ్చి అడుగుతారు. పైపు సంగతి తర్వాత, అసలు సంగతి చెప్పు. ముఖం అలా ఉందేం?"

చెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పిల్లనడిగావా?"

"అడిగితే పైకే పోతానంటుంది."

"తెలిసి కూడా మళ్ళీ నన్నడగడం దేనికి?"

"మీరు వద్దంటారేమోనని."

"పోయేది పై అంతస్తుకే కదా. మనం ఇక్కడ తుమ్మితే దానికి వినపడుతుంది."

"వినపడుతుంది సరే, నెల్లాళ్ళు ఇటు రాకూడదుగా. రూలు."

"ఆ రూలు నీదే."

"నాది కాదు. నేను చదివి వినిపిస్తానంతే" అని గంటమ్మ గ్లాసు తీసుకెళ్ళి కడిగిందే కడిగింది. అప్పుడే మనసులో తేల్చేసుకుంది. గంట కొట్టేలోపు వార్డెన్‌కి చెప్పేస్తుంది. పిల్ల కొన్నాళ్ళు మూతి ముడుచుకుంటుంది. ముడుచుకోనీ, కళ్ళముందుండి ముడుచుకుంటుంది.

ఆ వంటింటి తలుపు తీస్తే ఎదురుగా హాస్టల్ వరండాయే. అయినా పిడుగు ఆ దారిన పోలేదు. పెట్టె ఒక చేత్తో, బకెట్ ఒక చేత్తో పట్టుకుని, వెనక సందంతా చుట్టు తిరిగి, ముందు గేటులోంచి లోపలికొచ్చి, తాళంచెవుల కోసం అందరితో పాటు వరసలో నించుంది. బకెట్ మోస్తానని వెంటపడ్డ తండ్రిని సందు మలుపులోనే ఆపేసింది. "నాన్నా, నువ్వు వస్తే అందరికీ తెలిసిపోతుంది" అందట.

మధ్యాహ్నమంతా గంటమ్మకి ఊపిరాడలేదు. ఒక తండ్రి గదిలోని ప్రతి స్విచ్చీ వేసి ఆర్పి, మళ్ళీ వేసి చూస్తున్నాడు. ఒక తాతగారు మనవరాలి కిటికీ గొళ్ళేనికి తాడు కట్టాలంటాడు. ఒకావిడ మంచం గోడవైపు జరపమని, ఇంకొకావిడ గోడకి దూరంగా జరపమని. ఇద్దరిదీ ఒకే గది.

నాలుగు కావస్తుండగా గంటమ్మ చేతులు తుడుచుకుని వార్డెన్ ఆఫీసుకి బయల్దేరింది. సరిగ్గా అప్పుడే ఒక పిల్ల ఎదురొచ్చి, "మేడమ్, పై అంతస్తు చివరి గదిలో ఒక ఆంటీ దుప్పటి పరుస్తున్నారు" అని చెప్పి నవ్వుకుంటూ పోయింది. చివరి గదంటే పిడుగు గదే. గంటమ్మ మెట్లెక్కింది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల్నుంచి పిడుగు గొంతు.

"ఆంటీ, ఇక్కడ ఎవరి దుప్పటి వాళ్ళే పరుచుకోవాలండీ. గంటమ్మ గారు చూస్తే ఊరుకోరు."

"ఎవరమ్మా ఆ గంటమ్మ?"

"మేట్రన్ గారు. నాలుగింటికి గంట కొడతారు, వినండి. చెవులు చిల్లులు పడతాయి. ఎందుకంత గట్టిగా కొడతారో తెలుసా? ఏడుపు వినపడకుండా."

"పాపం, ఎవరి ఏడుపు?"

"ఆవిడదే."

గంటమ్మ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలియదనుకున్న సంగతి అది.

తలుపు సందులోంచి ఆ తల్లి కనిపిస్తోంది. పిల్ల దరఖాస్తులో ఉన్నదాన్నిబట్టి బేకరీ నడిపే మనిషి, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. పిండి మెదిపినట్టు దుప్పటిని రెండు చేతులా సాపు చేస్తోంది. ఆమె కూతురు, పొడుగ్గా సన్నగా ఉన్న పిల్ల, కిటికీ దగ్గర నించుని చేతిరుమాలు మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"మరి మీ అమ్మ రాలేదా తల్లీ?" అని బేకరీ ఆవిడ అడిగింది.

"పొద్దున్నే దిగబెట్టి వెళ్ళిపోయిందండీ. పనెక్కువ తనకి."

"మీ ఇల్లు దూరమా?"

"దగ్గరే. కానీ మా అమ్మకి పక్కగదైనా దూరమే."

"అంత దగ్గరైతే ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చుగా?"

పిడుగు వెంటనే జవాబు చెప్పలేదు. ఆ పిల్ల నోటికి ఆలస్యమవడం గంటమ్మ ఎప్పుడూ ఎరగదు.

"ఉండొచ్చండీ. ఉండమని అమ్మ అడిగితే నేను కాదనలేను కూడా. అడగకుండా ఉంటే బావుండునని చూస్తున్నా."

"ఏం, ఇంట్లో బాగోదా?"

"చాలా బావుంటుంది. అందుకే కదా భయం. చిన్నప్పట్నుంచీ గుమ్మంలో నించుని వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూడటమే గానీ, నేనెక్కడికీ వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. ఒక్కసారి నేనూ పెట్టె పట్టుకుని గేటులోంచి వద్దామని."

గంటమ్మ పమిట సర్దుకుంది. తర్వాత గట్టిగా దగ్గి, తలుపు తోసింది.

పిడుగు ముఖంలో రంగు పోయింది. కళ్ళతోనే బతిమాలుతోంది. 'ఒసేయ్' అన్న మాట గంటమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఏమమ్మా, నీ తరఫువాళ్ళంతా వెళ్ళిపోయారా?" అంది, కొత్తపిల్లలతో మాట్లాడే గొంతుతో.

పిడుగు తల్లిని చూసింది. అర్థమై, గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"వెళ్ళిపోతున్నారండీ."

"పొద్దున్నే వెళ్ళిపోయారన్నావు?" అంది బేకరీ ఆవిడ.

"కొంచెం ఆలస్యమవుతోందండీ వాళ్ళకి."

బేకరీ ఆవిడ ఈమె వంకా, ఆ పిల్ల వంకా ఒకసారి చూసింది.

"సరే. భోజనాలు ఏడింటికి. దుప్పటి ఎవరిది వాళ్ళే పరుచుకోవాలి" అని గంటమ్మ కూతురి మంచం వైపు తిరిగింది. పిడుగు అప్పటికే తన దుప్పటి తిరగేసి పరుచుకుని ఉంది. పూలన్నీ కిందికి పోయి, కుట్లు పైకి వచ్చాయి. గంటమ్మ చెయ్యి దానంతటదే అంచు దాకా పోయింది. అక్కడ కాసేపు ఆగి, ఏమీ సర్దకుండా వెనక్కొచ్చింది.

"బాగా పరిచావు" అంది.

కింద గంట మోగింది.

గంటమ్మ ఉలిక్కిపడింది. గంట వంటింట్లో మర్చిపోయింది. వరండా పిట్టగోడ మీంచి వంగి చూస్తే, కింద మెట్ల దగ్గర భర్త ఒక చేత్తో పానా, ఇంకో చేత్తో గంట పట్టుకుని నించున్నాడు. ఆయనకి కొట్టడం చేతకాదు. వంగిపోయిన పైపు మీద సుత్తి వేసినట్టుంది చప్పుడు.

"టైమయిందండీ" అని కేకేశాడు. "తల్లిదండ్రులంతా బయటికి రావాలి. అంతా."

ఆ రెండో 'అంతా' ఎవరి కోసమో ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళూ అందరికీ గంట కొట్టింది గానీ, తనకోసం ఎవరూ కొట్టలేదు. నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఆ చప్పుడులో ఎవరూ పట్టించుకోలేదు. గంట పనికొచ్చేది అందుకే.

బేకరీ ఆవిడ కూతురి తల మీద చెయ్యి వేసి, ఇవతలికి వచ్చేసింది. గంటమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. గంటమ్మ ఎప్పట్లా వంటింటి తలుపు వైపు తిరగలేదు. మిగతా తల్లిదండ్రుల గుంపుతో పాటు ముందు గేటు వైపే నడిచింది.

గేటు దగ్గర వార్డెన్ మేడమ్ నించుని ఉంది. "ఏమనుకున్నారు?"

"ఆ మంచం దానికే ఉంచండి."

"బాగా ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఆలోచిస్తే చెప్పలేనండీ."

బస్సు స్టాపులో ఇద్దరూ దీపాలు పెట్టే వేళదాకా కాచుకున్నారు. బస్సు కనపడ్డాక బేకరీ ఆవిడ సంచీ సర్దుకుంటూ, "ఆ పిల్ల మీ అమ్మాయేగా?" అంది.

"ఎలా తెలిసింది?"

"ఇద్దరూ ఒక్కలాగే అబద్ధమాడతారు. గడ్డం పైకెత్తి."

గంటమ్మ గడ్డం తడుముకుంది. "ఎవరికీ చెప్పకండి. వచ్చే వారం సీనియర్లు దిగితే ఎలాగూ తెలిసిపోతుంది. ఈ వారమైనా దాన్ని కొత్తపిల్లలా ఉండనిద్దాం."

"మా దాన్ని కూడా కాస్త చూస్తూ ఉండండి. ఎవరైనా అడిగితే గానీ అన్నం కూడా పెట్టించుకోదు."

"మాది అడక్కపోయినా పెట్టేస్తుందిలెండి. ఆఫీసువాళ్ళు ఈసారి జత బాగానే కుదిర్చారు."

బస్సు వచ్చింది. బేకరీ ఆవిడ కిటికీ పక్కన కూర్చుని మచ్చల చెయ్యి ఊపింది. గంటమ్మ ముఖం తిప్పుకోలేదు. తనూ చెయ్యి ఎత్తి, బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉంది. గొంతులో అడ్డం పడ్డది పడ్డట్టే ఉంది గానీ, దాంతో నడవడం కష్టమేం కాలేదు. వెనక సందు చుట్టు తిరిగి, పొద్దున కూతురు పెట్టె మోసుకొచ్చిన దారినే ఇంటికి చేరింది.

భర్త వంటింట్లో గోడ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన పానా, పాత గుడ్డ, కొత్త వాషర్లు.

"ఏంటిది?"

"పైపు. నువ్వు రోజూ పోరుతున్నావుగా, ఇవాళ తీరుబడిగా ఉందని."

ఆయన పానా తగిలించబోతుండగా పైపు టకటకా మోగింది. పైన ఎవరో కుళాయి తిప్పారు.

"ఉండండి. ఇన్నేళ్ళు లేని తొందర ఇప్పుడెందుకు?" అంది గంటమ్మ.

ఆయన ఆమెని చూసి, మెల్లగా పానా కింద పెట్టాడు. "ఇది ఆ వైపు గదులన్నిటికీ ఒకటే లైను. మన పిల్లేనని ఏం లేదు."

"నేనన్నానా?"

పైపు మళ్ళీ మోగి, ఆగింది. గంటమ్మ టీకి నీళ్ళు పెట్టింది.

"ఎవరో భోజనానికి చేతులు కడుక్కుంటున్నారు. మంచిదే" అంది.