అడుగున మడ్డి, పైన తేట

నేను ఒక మడ్డిని. ముఖం చిట్లించుకోకండి, నాకూ ఒక పేరుంది. ఈస్ట్ అంటారు. మొలకెత్తిన బార్లీని ఉడికించి వడగట్టిన తీపి నీళ్ళను బీరుగా మార్చేది నేనే. పని నాది, పేరు కంపెనీది, తూలడం తాగినవాళ్ళది. పని అయ్యాక సీసా అడుగున తెల్లగా పేరుకుంటాను. చాలామంది నన్ను మోరీలో పోస్తారు. తెలిసినవాళ్ళు మాత్రం పెరుగుకు తోడు దాచినట్టు కాస్త దాచుకుంటారు. ఆ కాస్తలోనే నా వంశం నడుస్తుంది.

నా వంశాన్ని ఇరవై ఆరేళ్ళు సాకినవాడు వీరేశం. సంగారెడ్డి పక్కన ఒక బీరు ఫ్యాక్టరీలో ఈస్ట్ గదికి ఆయనే పెద్ద. కన్నబిడ్డల పుట్టినరోజులు మరిచిపోయేవాడు గానీ నాకు తిండి పెట్టే వేళ ఏనాడూ మరిచిపోలేదు. ఫ్యాక్టరీ మూతపడిన రోజు అందరూ గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే, ఆయన తన మజ్జిగ సీసా కడిగి అందులో నన్ను నింపుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. మిగతా నన్నంతా మర్నాడు కాలువలోకి వదిలేశారట. అంటే ఈ లోకంలో నేను ఇంకెక్కడా లేను, పటాన్‌చెరులో ఆ రెండు గదుల ఇంటి ఫ్రిజ్‌లో తప్ప. నేను పోతే ఆయన బతుకంతా చేసిన పనికి గుర్తుగా ఏమీ మిగలదు.

అందుకే రెండు నెలలకోసారి ఒక బకెట్ బీరు కాచేవాడు. తాగేది ఒక్క గ్లాసు. గ్లాసు వెనక పేపరు పెట్టి అక్షరాలు చదివి చూపించేవాడు. బీరంటే అంత తేటగా ఉండాలని ఆయన పట్టుదల. ఆ తేటనంతా చుట్టాలకు పంచేసి, అడుగునున్న నన్ను కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగి, పైకి తేరిన నీళ్ళు పారబోసి, మళ్ళీ సీసాకెక్కించేవాడు.

ఆయన భార్య అనసూయ ఒక్క చుక్క ముట్టి ఎరగదు. నా సీసా పక్కన పెరుగు పెట్టనిచ్చేది కాదు. అలాగని నన్ను ఒక్క మాటా అనలేదు. ఉద్యోగం పోయిన మనిషికి చేతిలో ఏదో ఒక పని ఉండాలని ఆమెకు తెలుసు.

పోయిన చలికాలం వీరేశం స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్, ఆ తర్వాత నడక నేర్పించడం, అన్నీ కలిపి ఆస్పత్రిలో రెండు నెలలు. మత్తు దిగగానే ఆయన అడిగింది నా సంగతే. సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి కలిపి ఉంచమని, రెండు వాటాలుగా తేరుతుందని, ఒకటి పారబోసి ఒకటి ఉంచుకోమని, వారానికోసారి బార్లీ నీళ్ళు పోయమని ఫోనులో వివరంగా చెప్పాడు. ఏది ఉంచాలో మాత్రం చెప్పలేదు. పనితనం ముదిరినవాళ్ళంతా ఇంతే, అసలు మాట తప్ప అన్నీ చెబుతారు.

అనసూయ నలభై ఏళ్ళుగా చారు కాస్తున్న మనిషి. తేట ఉంచుకోవాలి, మడ్డి పారబోయాలి. ఆమె చేతికి తెలిసింది అదే. నన్ను సింకులో పోసి, పైనున్న నీళ్ళను పదిలంగా సీసాలో పట్టింది.

నేను పోయాననే అనుకున్నాను. కానీ నాలో కొందరికి అడుగున కుదురుగా కూర్చునే అలవాటు లేదు. ఎప్పుడూ పైనే తేలుతూ తిరిగే దేశదిమ్మరులు. ఆ తేటలో కంటికి కనిపించకుండా వాళ్ళే మిగిలారు, గుప్పెడు కూడా కాదు. ఫ్రిజ్ చలిలో అలాగే ఉంటే ఆకలితో పోయేవాళ్ళే. చలిలో ఏ తోడూ తోడుకోదని అనసూయ సీసాను బయటికి తీసింది. మూతకు బదులు పలచటి గుడ్డ కట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. వారం ఆగకుండా రెండు రోజులకోసారి బార్లీ నీళ్ళు పోసింది. ఇంట్లో ఉన్న ప్రాణి పస్తుండకూడదని ఆమె లెక్క. నన్ను అసహ్యించుకునే మనిషి నన్ను అంత శ్రద్ధగా చూడటం చూసి నాకు సిగ్గేసింది. నెల తిరిగేసరికి నేను మళ్ళీ నురుగు కట్టాను.

వీరేశం వాకర్ పట్టుకుని ఇంటికొచ్చి, మంచం ఎక్కకుండా నేరుగా ఫ్రిజ్ తెరిచాడు. సీసా లేదు. అనసూయ బియ్యం డబ్బాలోంచి తెచ్చి చేతికిచ్చింది. వెలుగులో పెట్టి చూశాడు. మబ్బు మబ్బుగా ఉంది.

"అడుగుదేం చేసినవ్?"

"మడ్డంత పారబోసిన. పైన తేట ఒక్క చుక్క పోనియ్యలే."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆ పూట అన్నం తినలేదు. ఆయన తిననందుకు ఆమె కూడా తినలేదు.

మర్నాడు ఆశ లేకుండానే బీరు కాచాడు. మూడు వారాలయ్యాక గ్లాసులో పోశాడు. దాని వెనక పేపరే కనిపించలేదు, ఇక అక్షరాలేం కనిపిస్తాయి. ఒక గుటక తాగి కళ్ళు మూసుకున్నాడు. ఫ్యాక్టరీ బీరు రుచి అదే, దాని వెనక పండిన అరటిపండు వాసన లాంటిది కొత్తగా ఏదో ఉంది. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు పోసుకున్నాడు. నాకు తెలిసి అది మొదటిసారి.

"గిన్నేండ్ల సంది నేను పారబోసింది గిదేనే," అన్నాడు.

బకెట్ ఖాళీ అయ్యాక అడుగున మిగిలిన నన్ను నీళ్ళతో కడిగి సీసాలో పోసి, తేరేదాకా నా దగ్గర ముందుకు వంగి కూర్చున్నాడు. అడుగున కొంచెం మడ్డి, పైన మబ్బు నీళ్ళు. ఇరవై ఆరేళ్ళలో నా విషయంలో ఎవరినీ సలహా అడగని మనిషి, ఆమెను పిలిచి ఏది ఉంచుదామని అడిగాడు.

అనసూయ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, వంగి చూసింది.

"రెండు ఉంచుదాం," అంది. "ఇంట్ల సీసాలు లెవ్వా?"