పదిన్నరకు పిలువు

తిరుమల కోపానికి పద్దెనిమిది నెలలు. అంతకాలం కడుపులో పెట్టుకున్న కోపాన్ని వేరే ఎవరైనా అయితే ఏదో ఒక రోజు వంటగిన్నెల మీదైనా తీర్చుకునేవాళ్ళు. ఈమె తీర్చుకోలేదు. పొద్దున్నే చాయ్ పెట్టింది, బొగ్గు గనిలో డంపర్ తోలే మొగుడు సాయికృష్ణకు టిఫిన్ డబ్బా కట్టింది, ఆడబిడ్డ రోజారాణి ఖమ్మం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "మంచిగున్నవా వదినా" అని నవ్వుతూ పలకరించింది. లోపల మాత్రం కుతకుత ఉడుకుతూనే ఉంది.

ఎందుకుడకదు మరి? పిల్లల పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయించాలి. మొదటి కత్తెర మామదే. తిరుమలకున్నది ఒక్కడే తమ్ముడు, రవికుమార్. తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు. వాడికి అన్నం తినిపించింది, తల దువ్వింది, జ్వరమొస్తే దవాఖానాకు మోసుకుపోయింది తిరుమలే. ఇప్పుడు ఏన్కూరు దగ్గర కౌలుకు పట్టి మిర్చి వేస్తున్నాడు. ఆమె కొడుకు బంటిగాడి పుట్టువెంట్రుకల రోజున రవికుమార్ ఎక్కిన బస్సు దారిలో చెడిపోయింది. అరగంటలో వచ్చేస్తున్నానని ఫోన్ కూడా చేశాడు. రోజారాణి వింటేగా! "ఎవరొళ్లె కూసుంటేంది? మా ఆయన గూడ మామనే గదా" అని తన మొగుడు కిషోర్ ఒళ్ళో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి గుండు చేయించేసింది. తిరుమల వద్దు వద్దని మొత్తుకుంటున్నా చెవిన పెట్టలేదు. సాయికృష్ణ పక్కనే నిలబడి, గోడకున్న క్యాలెండర్ చూస్తున్నట్టు చూస్తూ ఊరుకున్నాడు.

రవికుమార్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. మేనల్లుడి బోడిగుండు చూశాడు. ఎంత బతిమాలినా అన్నం ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అక్క గడప తొక్కలేదు, ఫోన్ ఎత్తలేదు. రాఖీ పట్టుకుని ఆమే ఏన్కూరు పోతే ఇంటికి తాళం వేసి ఉంది. రాఖీని తలుపు గొళ్ళేనికి కట్టి తిరిగొచ్చింది తిరుమల. ఆ రోజు బస్సులో కూర్చుని, రోజారాణి ఏడ్చే రోజు ఒకటి చూడకపోతే తన పేరు తిరుమల కాదనుకుంది.

ఆ రోజు రానే వచ్చింది. రోజారాణి కూతురు లాస్యకు సోమవారంతో మూడేళ్ళు నిండుతాయి. అది దాటితే మళ్ళీ అయిదేళ్ళు నిండే దాకా ఆగాలన్నాడు పంతులు. ఆదివారం పన్నెండు లోపు భద్రాచలంలో లగ్నం పెట్టాడు. మరి లాస్యకు మేనమామ ఎవరు? తిరుమల మొగుడే! సాయికృష్ణ వారం ముందు నుంచి షిఫ్టులో అందరికీ చెప్పుకు తిరిగాడు. తనే బజారుకు పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, ఆకుపచ్చ పట్టుపావడా కొనుక్కొచ్చాడు.

రోజారాణికి అన్నీ కలిసిరావాలి. గుండుకు గుండు, షికారుకు షికారు. భద్రాచలం పోయే దారిలో టేకు చెట్ల నడుమ కొత్తగా నీళ్ళ పార్కు ఒకటి తెరిచారు. పొద్దున్నే అక్కడ ఆగి, పిల్లను కాసేపు ఆడించి, ఆ తర్వాత భద్రాచలం పోదామంది. బంటిగాడికి జలుబు చేసిందని వాణ్ణి కొత్తగూడెంలో నాయనమ్మ రామక్క దగ్గర వదిలి, మిగతా అయిదుగురూ కారెక్కారు. తొమ్మిదింటికి గేటు తెరవగానే వీళ్ళే మొదటివాళ్ళు.

లోపలికి అడుగు పెట్టారో లేదో, రోజారాణి అందరి ఫోన్లు, కారు తాళం, తువ్వాళ్ళు, సాయికృష్ణ తెచ్చిన పట్టుపావడా కవరు, పిల్ల పాలసీసా అన్నీ ఒక సంచిలో కుక్కి తిరుమల భుజాన తగిలించింది. చంకలోని పిల్లను కూడా దించి చేతికిచ్చింది.

"నువ్వెట్లాగూ నీళ్లల్ల దిగవు గదా. లాసిని చూస్కో. పదిన్నరకు పిలువు మమ్ముల. మర్సిపోయేవు!"

"మర్సిపోను వదినా. మీరు మంచిగ ఆడుకోండ్రి" అంది తిరుమల.

నీళ్ళలో దిగవు గదా అట! ఈమెను అడిగిందెవరు? కిషోర్, రోజారాణి అలల కొలనులోకి పరుగెత్తారు. సాయికృష్ణ పెద్ద జారుడుగొట్టం వైపు చూసి చిన్నపిల్లాడిలా ఎగిరాడు. వంద టన్నుల బండి తోలే మనిషి, ట్యూబు ఒకటి నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి మాయమయ్యాడు.

ఇక లాస్య. అంత పార్కులో ఆ పిల్లకు నచ్చింది, కాళ్ళు కడుక్కునే కొళాయి ఒక్కటే. నీళ్ళు చిమ్మే ఏనుగు బొమ్మను చూసి గుక్కపెట్టి ఏడ్చింది. రంగు గొడుగుల కింద వాన పడుతుంటే అత్త మెడ పట్టుకుని వదల్లేదు. కొళాయి కనపడగానే మాత్రం దిగి, తన చెప్పు విప్పి, దాంట్లో నీళ్ళు పట్టడం, పారబోయడం. మళ్ళీ పట్టడం, మళ్ళీ పారబోయడం.

"అత్తా, నీల్లు!"

"అవ్ బిడ్డా, నీళ్లే."

వెంట్రుకలు కళ్ళలో పడుతుంటే తిరుమల తన క్లిప్పు తీసి పిల్లకు పెట్టింది. పాపం, పసిపిల్ల ఏం చేసిందని ఒక్క క్షణం అనిపించింది. మరి రవికుమార్ ఏం చేశాడు? బస్సు చెడిపోతే వాడు తోసుకురావాలా? మళ్ళీ ఒళ్ళు మండింది.

సరిగ్గా పదిన్నరకు సంచిలో అలారం మోగింది. రోజారాణి గట్టిది, మనిషికి చెప్పింది చాలక ఫోన్‌కూ చెప్పుకుంది. తిరుమల చెయ్యి లోపలికి పెట్టి, ఫోన్ వెతికి, అలారం ఆపేసింది. ఫోన్‌ను తువ్వాళ్ళ అడుగుకు తోసింది. కూర్చో వదినా, కూర్చో. ఆడుకో. మేనమామ లేకుండా, లగ్నం లేకుండా, నీ బిడ్డ జుట్టు రెండేళ్ళు జడేసుకో. చుట్టాలందరూ ఎందుకు తీయలేదని అడిగినప్పుడల్లా నీకు తెలుస్తుంది. పళ్ళ బిగువున నవ్వుకుంటూ పిల్ల చెప్పు కింద కొళాయి ఇంకాస్త తిప్పింది.

పదకొండూ పదికి రోజారాణి తడిబట్టలతో పరుగెత్తుకొచ్చింది. ఎవరో కాపలా మనిషిని టైమ్ అడిగిందట.

"ఏందే ఇది? పిలువమన్న గదా!"

"పిల్ల ఏడుస్తుంటే సముదాయించుకుంట కూసున్న. చూస్కోలే వదినా."

"తమ్ముడేడి?"

"పెద్ద గొట్టం దగ్గర లైన్ల ఉన్నడు. పైకి పోయిండు, దిగేసరికి అరగంట పడ్తది" అంది తిరుమల, నోట్లో తేనె పోసుకున్నట్టు.

ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు నెత్తి కొట్టుకుంటుంది అని ఆ మొహంలోకే చూసింది. రోజారాణి రెండు క్షణాలు ఆలోచించింది. సంచిలోంచి కారు తాళం, రెండు ఫోన్లు లాక్కుంది. లాస్యను చంకనేసుకుంది.

"మేం పోతున్నం. వాడు దిగినంక ఆటోల రాండ్రి."

"మరి మామ లేకుండ ఎట్ల వదినా?"

"లగ్నం ఆగుతదా ఆయన కోసం? మా ఆయన లేడా!"

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. తిరుమల కొళాయి పక్కన అలాగే నిలబడిపోయింది. ఒకసారి చేసిన మనిషి రెండోసారి చేయదని ఎట్లా అనుకుంది తను? మేనమామ అంటే ప్రాణం పెట్టే వాళ్ళకే మేనమామ లేని లోటు. రోజారాణికి ఎవరి ఒడైనా ఒకటే. ఛీ, నా తెలివి తగలెయ్య అని తనను తనే తిట్టుకుంది.

సాయికృష్ణ దిగి సంగతి విని, సరిగ్గా తుడుచుకోకుండానే బట్టలు మార్చుకున్నాడు. ఆటోవాణ్ణి "జల్దీ అన్నా, జల్దీ" అంటూ దారంతా తొందరపెట్టాడు. సంచిలోంచి పట్టుపావడా కవరు తీసి ఛాతీకి హత్తుకున్నాడు. తిరుమల అతని వైపు చూడలేక రోడ్డు పక్క చెట్లు చూస్తూ కూర్చుంది.

తలనీలాలు తీసే చోటికి వెళ్ళేసరికి పన్నెండూ ఇరవై. లాస్య బోడిగుండుకు గంధం పూసుకుని, తండ్రి కిషోర్ ఒళ్ళో కూర్చుని అరటిపండు తింటోంది.

"ఏడ మాయమైనవ్‌రా? అయిపోయింది. రా, ఫొటో దిగుదువు" అంది రోజారాణి, కొంగు సర్దుకుంటూ. ఆ మొహంలో వీసమెత్తు బాధ లేదు.

"మామా!" అని చేతులు చాచింది పిల్ల.

సాయికృష్ణ దగ్గరికి పోయి, ఆ నున్నని తల మీద అరచెయ్యి పెట్టి, ఒక నిమిషం అలాగే ఉంచాడు. పట్టుపావడా పక్కన పెట్టి గోదావరి మెట్లు దిగిపోయాడు. పద్దెనిమిది నెలలుగా రోజారాణి మొహంలో చూడాలనుకున్నది తిరుమలకు మొగుడి మొహంలో కనపడింది. ఆమె వెనకే దిగింది.

"పదిన్నరకు పిలువమన్నది గదా అక్క. మర్సిపోయినవా?" అన్నాడు నీళ్ళ వైపు చూస్తూ.

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"మర్సిపోలే. కావాల్ననే పిలువలే. నా తమ్మునికి జరిగినప్పుడు నువ్వు పక్కనే ఉంటివి. ఒక్క మాట మాట్లాడలే నువ్వు. అక్క మీద ఎంత కోపమున్నదో నీ మీద గూడ అంతే ఉండె నాకు."

కొడతాడనుకుంది. తిడతాడనుకుంది. అతను ఆమె భుజాన ఉన్న సంచిలోంచి తన ఫోన్ తీసి, ఒక నంబరు వెతికి నొక్కాడు. రెండో రింగుకే అవతల ఎత్తారు.

"రవీ..." అన్నాడు సాయికృష్ణ.

"బావా? ఏమైంది బావా? అక్క మంచిగున్నదా?" అవతల రవికుమార్ గాబరాగా అరుస్తున్నాడు. "అక్కకేమైంది? చెప్పు బావా, ఏ దవాఖానా? నేనిప్పుడే బయల్దేరుతున్న!"

సాయికృష్ణ ఫోన్ ఆమె ముందుకు చాచాడు. తిరుమల దాన్ని అందుకోలేక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ మెట్టు మీదే కూలబడింది.