నేను తినేసిన అంచు

నేను ఒక సానరాయిని. జానెడు పొడవుంటాను. ఒకవైపు గరుకు, రెండోవైపు నునుపు. ఏదో కార్ఖానాలో గట్టి రాతిపొడిని బంకతో కలిపి, అచ్చులో అదిమి, బట్టీలో కాల్చి నన్ను తయారుచేశారు. మనుషుల్లాగా వంశం గురించి గొప్పలు చెప్పుకోవడానికి నాకు ఇంతకంటే ఏమీ లేదు.

నా మొదటి యజమాని బెజవాడలో వీరాచారి అనే వడ్రంగి. ఉలి మొరాయిస్తే నా మీద నాలుగు చుక్కలు నూనె వేసి, పదిసార్లు రుద్ది, మళ్ళీ పనిలో పడేవాడు. నన్ను పొగిడిన పాపాన పోలేదు. అయినా నేను సుఖపడ్డది ఆ రోజుల్లోనే. సాన పట్టే మిషను కొనుక్కున్నాక, ఒక ఇంట్లో తలుపులు బిగించడానికి వెళ్ళి, నన్ను ఆ ఇంటాయనకు ఇచ్చేశాడు.

ఆ ఇంటాయన జోగారావుగారు, ఇంజనీరుగా రిటైరైన మనిషి. చెక్క బొమ్మలు చెక్కాలని సరదా పుట్టింది. ప్రతి ఆదివారం ఆయన మేడ మీద అదే సరదా ఉన్నవాళ్ళు పదిమంది చేరతారు. పళ్ళ డాక్టరు, బ్యాంకు మేనేజరు, చీరల షాపాయన, ఇంకా అలాంటివాళ్ళు. సంఘం పేరు దారుశిల్ప మిత్రమండలి. వాళ్ళు పూర్తిచేసిన పని ఏదైనా ఉందంటే అది ఆ పేరే.

జోగారావుగారు ఒక నెమలిని మొదలుపెట్టారు. దాని మెడ విరిగిన రోజునే, తన ప్రతిభ చెక్కడంలో లేదు, పదును పెట్టడంలో ఉందని కనిపెట్టారు. అప్పటినుంచి మండలి ఉలులన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. వీడియోలు చూసి, కోణమానిని కొన్నారు. ఏ ఉలికైనా ఇరవై అయిదు డిగ్రీలే. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పదును చూడటానికి వీళ్ళు ముంజేతి వెంట్రుకలు గీసి చూస్తారు. మండలిలో మగవాళ్ళందరి ఎడమ ముంజేతులూ నున్నగా మెరుస్తుంటాయి. పదును పోతుందేమోనని ఎవరూ చెక్క ముట్టుకోరు. వారం తిరక్కుండా అదే ఉలి మళ్ళీ నా మీదికి వస్తుంది. అలా ఆ ఉలులు చెక్క రుచి తెలియకుండానే పొట్టివైపోయాయి.

నిజంగా చెక్కేది ఒక్క నాగరత్నం. బడిలో డ్రాయింగు టీచరు, కొండపల్లి బొమ్మల పనివాడి కూతురు. పోయిన ఏడాది తండ్రి పోయాడు. ఒక చెవి మాత్రమే చెక్కిన ఏనుగు బొమ్మ, ముప్పై ఏళ్ళు వాడిన వంపు ఉలి మిగిల్చాడు. ఆయనది ఎడమచేతి వాటం. ఉలి అంచు ఆ చేతికి అలవాటుపడి ఒకవైపుకు ఏటవాలుగా అరిగింది. చెవి మడత దానితోనే వస్తుంది. మేడ మీద మండలి పెట్టబోయే ప్రదర్శన నాటికి రెండో చెవి పూర్తిచేయాలని ఆమె పట్టుదల.

"మెరుగు పెడితే చాలండీ. అంచు వాలు మాత్రం ముట్టుకోకండి," అని మరీ మరీ చెప్పి ఇచ్చింది.

జోగారావుగారు విన్నారు. కానీ వంకర కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. రెండు రోజులు నా గరుకు వైపు వేసి రుద్దారు. తిన్నది నేనే. రాయిని, వద్దనలేను. అయినా సిగ్గేసింది.

"చూడమ్మా, ఎంత వంకరగా ఉండేదో! లెవెల్ చేసేశాను," అన్నారు, మొహం వెలిగిపోతూ.

నాగరత్నం ఉలిని ఎడమచేత్తో పట్టుకుని చూసింది. "వంకర కాదండీ అది. మా నాన్న చెయ్యి."

మళ్ళీ ఏటవాలు తెద్దామంటే ఇనుము మిగల్లేదు.

ప్రదర్శన రోజు తెల్లగుడ్డ మీద నలభై ఉలులు తళతళలాడుతూ పరిచారు. పక్కన అట్టముక్క: 'పదును: జోగారావు'. ఆ చివర ఒంటిచెవి ఏనుగు.

"రెండో చెవేదమ్మా?" అని ఎవరో పెద్దాయన అడిగాడు.

"సానరాయి తినేసిందండీ," అంది నాగరత్నం.

అందరూ నవ్వారు. జోగారావుగారు అందరికంటే గట్టిగా నవ్వి, "దానికేం భాగ్యం తల్లీ! వచ్చే ఆదివారం ఇంకో ఉలి పట్రా, ఫ్రీగా పదును పెట్టి ఇస్తా," అన్నారు.

ఆమె ఏనుగును కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ ప్రదర్శనలో చెక్కిన వస్తువంటూ ఉన్నది అదొక్కటే.